శుక్రకణాన్ని అండంతో కలిపే ప్రొటీన్ల అన్వేషణ

1876లో జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ అండంలో రెండు కేంద్రకాలు ఒకటవడం సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ కలయికకు ముందు రెండు కణాల పొరలు ఒకదాన్నొకటి ఎలా పోల్చుకుంటాయో తెలియడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది. క్షీరదాల్లో ఇదంతా తల్లి కడుపులో జరిగేది కావడమే పెద్ద అడ్డంకి. శుక్రకణం ఆడజీవి జననమార్గంలో కొంతసేపు గడిపితే తప్ప దానికి ఫలదీకరణ శక్తి రాదని 1951లో శాస్త్రవేత్తలు చాంగ్, ఆస్టిన్ ఎవరికి వారుగా కనిపెట్టారు. 1963లో యానగిమాచి, చాంగ్ కలిసి హామ్‌స్టర్ అండాలను గాజుపాత్రలో ఫలదీకరించడంతో దారి తెరుచుకుంది.

మొదట ఆశ పుట్టించిన ప్రొటీన్ ఫర్టిలిన్. దానికి అంటుకునే యాంటీబాడీ గినీ పిగ్ శుక్రకణాలను అండంతో కలవనీయడం లేదని 1987లో ప్రిమకాఫ్, మైల్స్ బృందం గుర్తించింది. దానిలో ఒక భాగం వైరస్‌లు కణంలోకి చొరబడటానికి వాడే ప్రొటీన్‌లా ఉందని 1992లో తేలాక చిక్కు వీడినట్టే అనిపించింది. కానీ 1998లో ఫర్టిలిన్ బీటా జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూస్తే, వాటి శుక్రకణాలు అండవాహికలోకి చేరలేక తడబడ్డాయి; అండంతో కలవడం తగ్గిందే గాని ఆగిపోలేదు. ఈ రంగానికి ఇంతగా మేలు చేసిన వైఫల్యం మరొకటి లేదు. యాంటీబాడీ అడ్డుపడితే చాలదని, జన్యువును తీసేసి చూడటమే గీటురాయి అని అది నేర్పింది.

ఆ గీటురాయికి తొలుత నిలిచింది అండం వైపు ప్రొటీన్. సీడీ9 లేని ఆడ ఎలుకల అండాలు శుక్రకణంతో దాదాపుగా కలవలేవని 2000లో మూడు బృందాలు చూపాయి. శుక్రకణం వైపు ప్రొటీన్ 2005లో ఒసాకాలో ఒకాబే బృందానికి దొరికింది. అది లేని శుక్రకణాలు చక్కగా ఈదుతాయి, అండం చుట్టూ ఉన్న పెంకులాంటి పొరనూ దాటుతాయి, లోపలి పొర దగ్గరే నిలిచిపోతాయి. వివాహాలు కుదిర్చే దైవానికి నెలవైన జపాన్ ఆలయం పేరిట దాన్ని ఇజుమో అన్నారు.

ఇజుమో అండం మీద దేన్ని పట్టుకుంటుందో చెప్పింది 2014లో బ్రిటన్‌లోని శాంగర్ సంస్థలో గావిన్ రైట్ బృందం. అప్పటిదాకా ఫోలేట్ అనే విటమిన్‌కు గ్రాహకంగా లెక్కించిన ఆ ప్రొటీన్ నిజానికి ఫోలేట్‌ను పట్టుకోదు. రోమన్ల వివాహదేవత పేరు పెట్టి దాన్ని జూనో అన్నారు. ఒక శుక్రకణం కలిశాక జూనో సుమారు 40 నిమిషాల్లో అండం పొరపై నుంచి రాలిపోతుంది. రెండో శుక్రకణం చేరకుండా ఇది తోడ్పడుతుందని వారి అభిప్రాయం.

2016లో టొరంటో, టోక్యో బృందాలు స్ఫటికాలపై ఎక్స్‌రేలు ప్రసరింపజేసి మానవ ఇజుమో, జూనోల జంటను చూపాయి. ఇజుమో పొడుగాటి ప్రొటీన్: ఒక కొసన నాలుగు సర్పిలాల కట్ట, మరో కొసన యాంటీబాడీల్లో ఉండేలాంటి మడత, నడుమ కీలు. గుండ్రటి జూనో ఆ కీలు దగ్గర అమరుతుంది. అదీ ఫోలేట్ గ్రాహకాల్లో ఫోలేట్‌ను పట్టే గుంటకు వెనకవైపు నుంచి. అయితే అప్పటి ప్రయోగాల్లో ఈ రెండింటినీ మామూలు కణాల మీద ఉంచితే అవి అతుక్కున్నాయి గాని ఏకం కాలేదు. పొరలను కరిగించి కలిపే పని వీటిది మాత్రమే కాకపోవచ్చన్నమాట.

ఆ తర్వాత స్పాకా6, టీఎమ్ఈఎమ్95 వంటి మరికొన్ని శుక్రకణ ప్రొటీన్లు తప్పనిసరి అని తేలింది. 2024లో వియన్నాలోని ఆండ్రియా పౌలి బృందం, సహకారులు ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ అంచనాలతో మొదలుపెట్టి, శుక్రకణం మీది ఇజుమో, స్పాకా6, టీఎమ్ఈఎమ్81 మూడూ కలిసి ఒక సంకీర్ణంగా ఏర్పడతాయని చూపారు. జీబ్రాఫిష్‌లో దానికి అండం వైపు బౌన్సర్ అనే ప్రొటీన్, క్షీరదాల్లో జూనో అతుక్కుంటాయి.