తెర మీది డాన్‌కి నెరుపు

తెలుగు సినిమాలో వయసు మళ్లిన నేరస్తుడంటే మా మేకప్ వాళ్లకు పొద్దున్నే రెండు గంటల పని. జింకు పొడి పలచగా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కణతల దగ్గర అద్దాలి. ఎక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది, తక్కువైతే లైట్లు పడగానే మాయమవుతుంది. ముడతలు కావాలంటే కంటి కొసన చర్మాన్ని వేళ్లతో సాగదీసి పట్టుకుని, పలచగా లేటెక్స్ పూసి, ఆరాక వదలాలి. వదలగానే చర్మం ముడుచుకుంటుంది. నలభై ఏళ్ల మనిషి అరవైకి చేరతాడు. పైన నెట్టు విగ్గు, దాని అంచుకి స్పిరిట్ గమ్. లంచ్ బ్రేక్ అయ్యేసరికి చెమటకి ఆ అంచు లేస్తుంది, టచప్ కుర్రాడు అద్దం పట్టుకుని పరిగెత్తుకొస్తాడు.

ఇంత శ్రమ ఎందుకు పడ్డామా అని పని మానేశాక తీరిగ్గా ఆలోచిస్తే నాకో సంగతి తట్టింది. మన దగ్గర నిజంగా కక్షల్లో బతికినవాళ్లలో చాలామందికి జుట్టు నెరిసేదాకా ఆయుష్షు లేదు. ఆ నెరుపు సినిమా ఇచ్చింది. రచయితలు ఇచ్చారంటారు గానీ తల మీద పెట్టింది మేమే.

మాది తెనాలి. పరిషత్తు నాటకాల్లో రంగులు కలపడం నేర్చుకుని మద్రాసు వెళ్లాను, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో దిగాను. నాగేశ్వరరావు గారు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచినప్పుడు ఆ 22 ఎకరాలూ రాళ్లూ గుట్టలేనని మా పెద్దవాళ్లు చెప్పేవారు. తర్వాత రామానాయుడు గారి స్టూడియో వచ్చింది, ఫిల్మ్‌నగర్ వచ్చింది, జూబ్లీహిల్స్ నిండా బంగళాలు లేచాయి. వాటిని షూటింగులకు అద్దెకివ్వడం మొదలయ్యాక విలన్ ఇంటికి సెట్ వేసే ఖర్చు తప్పింది. మద్రాసులో విలన్ డెన్ అంటే ఎర్రలైట్లు, గోడలోంచి తెరుచుకునే తలుపు. ఇక్కడ డెన్ అంటే హాలు మధ్యలోంచి రెండువైపులా పైకెళ్లే మెట్లున్న ఇల్లు. ఆ మెట్ల మీద నుంచి తెల్ల లాల్చీలో పెద్దాయన నింపాదిగా దిగే షాట్ కోసం ఎన్ని విగ్గులు సరిచేశానో. ఓనర్లు మాత్రం మార్బుల్ మీద గమ్ చుక్క పడితే ఊరుకునేవారు కాదు.

జైలు నుంచి ముసలివాడై వచ్చి పాత లెక్కలు తేల్చుకునే కథ మనకు కొత్త కాదు. 1980లో దాసరి గారి ‘సర్దార్ పాపారాయుడు’ ఉంది కదా. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాడు నమ్మినవాళ్ల ద్రోహంతో అండమాన్ పాలై, ఎన్నో ఏళ్లకు బయటపడి, ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వస్తాడు. ప్రభుత్వం లెక్కలో అతను నేరస్తుడు. పట్టుకోవలసిన పోలీసు అధికారి సొంత కొడుకు. తండ్రీ కొడుకూ ఇద్దరూ రామారావు గారే. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. చూసినవాళ్లంతా ముసలి తండ్రి గెటప్‌ని పొగిడారు. మేకప్ మనిషిని అడిగితే వేరే చెబుతాడు. తండ్రి వేషం ఆయన వయసుకి దగ్గరదే, చెమటలు పట్టించేది ఖాకీ చొక్కాలో కుర్రాడి వేషం.

ఆ అమరికలో ఒక తెలివి ఉంది. చంపేవాడు ముసలివాడు, ప్రేమించి పాటలు పాడేవాడు కుర్రాడు. పాపం తండ్రి ఖాతాలో, డ్యూయెట్ కొడుకు ఖాతాలో. ప్రేక్షకుడికి రెండూ కావాలి గనక ఒకే హీరోని రెండుగా కోసి చూపించారు. 22 ఏళ్ల తర్వాత వినాయక్ గారు ‘చెన్నకేశవరెడ్డి’ తీసినప్పుడు సీమ నేపథ్యం వచ్చింది, బాంబులు వచ్చాయి, అమరిక మాత్రం చెక్కు చెదరలేదు. జైలు నుంచి వచ్చిన ఫ్యాక్షన్ పెద్ద తండ్రి, పోలీసు కొడుకు, ఇద్దరూ బాలకృష్ణ గారే. ఆయనకప్పుడు 42. నాన్నగారు రామారావు గారి విషయంలో కుర్రతనం తెచ్చిపెట్టవలసి వస్తే, ఈయన విషయంలో ముసలితనం తెచ్చిపెట్టవలసి వచ్చింది.

తెర బయట నిజమైన కక్షలు నడిచాయి. బెజవాడ సంగతి చూడండి. వంగవీటి రాధా 1974లో హత్యకు గురయ్యారు. దేవినేని గాంధీ 1979లో, మురళి 1988 మార్చిలో. అదే ఏడాది డిసెంబర్ 26న నిరాహారదీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగాని చంపారు. ఆయనకు 41 ఏళ్లు. వీళ్లు నాయకులా ముఠా పెద్దలా అన్న తగవులోకి నేను దిగను, బెజవాడలో అది ఇప్పటికీ తెగలేదు. వాళ్లలో ఒక్కరి ఫోటోకీ నెరుపు ఉండదని మాత్రమే అంటున్నాను.

రంగా చనిపోయిన తొమ్మిది నెలలకు, 1989 అక్టోబర్ 5న, ‘శివ’ వచ్చింది. రామ్‌గోపాల్ వర్మ బెజవాడలో ఇంజనీరింగ్ చదివినవాడు, ఆ వీధులు ఎరిగినవాడు. అంతకుముందు విలన్ అంటే మాకు పండగ. బుగ్గ మీద కత్తిగాటు, కంటికి గంత, బోడిగుండు. ‘శివ’లో విలన్ భవానీకి అవేవీ లేవు. రఘువరన్ మామూలు చొక్కా వేసుకుని నెమ్మదిగా మాట్లాడి జనాన్ని భయపెట్టాడు. అప్పటికి ఆయనకూ ముప్పయ్యే, నాగార్జున గారికీ ముప్పయ్యే. హీరో, విలన్ ఒక ఈడువాళ్లు! ఈ ఒక్క విషయంలో ‘శివ’ అప్పటి సినిమాలన్నిటికన్నా నిజానికి దగ్గరగా ఉందని నా నమ్మకం. స్టెడీక్యామ్ గురించి, సైకిల్ చైన్ గురించి అందరూ రాశారు, ఈ సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

తర్వాత కక్ష మా గుమ్మంలోకే వచ్చింది. 1997 నవంబర్ 19. అప్పుడు పెనుకొండ ఎమ్మెల్యేగా ఉన్న పరిటాల రవి తండ్రి శ్రీరాములు జీవితం మీద ‘శ్రీరాములయ్య’ సినిమా మొదలవుతోంది. మోహన్‌బాబు గారు హీరో, ఎన్. శంకర్ గారు డైరెక్టరు. ముహూర్తం రామానాయుడు స్టూడియోలో. కొబ్బరికాయ కొట్టడం, క్లాప్, నాలుగు ఫోటోలు, కాఫీలు. ముహూర్తం అంటే మా వాళ్లకు అంతే. ఆ రోజు రవిని గురిచూసి పెట్టిన కారుబాంబు స్టూడియోకి దగ్గర్లోనే పేలింది. 26 మంది పోయారు. వాళ్లలో వార్త కోసం వచ్చిన ఈటీవీ సిబ్బంది కూడా ఉన్నారు. రవి, మోహన్‌బాబు గారు గాయాలతో బయటపడ్డారు.

ఆ సాయంత్రం కృష్ణానగర్‌లో టీ కొట్లు మూసేశారు. ఎవరి పిల్లాడు ఏ యూనిట్‌కి వెళ్లాడో కనుక్కోవడానికి ఎస్టీడీ బూత్‌ల దగ్గర క్యూలు కట్టారు. పంచదార పలకల సీసాలు, రంగునీళ్ల నెత్తురు, గాల్లోకి లేచే డమ్మీ కార్లు: మేమంతా వాటితో పొట్ట పోసుకునేవాళ్లం. అసలు బాంబు ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్లు సెట్‌లో బ్లాస్ట్ షాట్ ఉందంటే లైట్‌బాయ్‌లు ముందే దూరం జరిగి నిలబడేవారు. చిత్రమేమిటంటే ‘శ్రీరాములయ్య’ ఆగలేదు. పూర్తయింది, విడుదలైంది. సీమ కక్షల సినిమాలు తగ్గలేదు సరికదా, 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’ థియేటర్లు నింపాయి. మా ఇంటి పక్క జరిగిన దానికీ మేం సెట్‌లో చేస్తున్న దానికీ సంబంధం ఉందని మాలో ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు. పని కావాలి కదా.

బయట కథ మాత్రం సాగింది. పరిటాల రవిని 2005 జనవరి 24న అనంతపురంలో చంపారు. 46 ఏళ్లు. కారుబాంబు కేసులో యావజ్జీవ శిక్ష పడిన మద్దెలచెరువు సూరి జైలు నుంచి బయటికొచ్చాక, వాళ్లిద్దరి కక్ష మీద వర్మ ‘రక్తచరిత్ర’ తీశాడు. రెండో భాగం 2010 డిసెంబర్ 3న విడుదలైంది. నెల తిరిగేసరికి, 2011 జనవరి 3న, యూసుఫ్‌గూడలో కారులో వెళ్తున్న సూరిని కాల్చేశారు. యూసుఫ్‌గూడ అంటే మా కృష్ణానగర్‌కి ఆనుకున్నదే, సందులు దాటితే చాలు. కాల్చింది వెంట ఉన్న అనుచరుడేనని తర్వాత కోర్టు తేల్చింది. సినిమాలో అయితే ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నవాడు నెరిసిన గడ్డంతో గేటు దాటుతుంటే స్లోమోషన్, వెనక గాలి, తమన్ సంగీతం. బయట గేటు దాటినవాడికి ఎదురుచూస్తున్నది అది కాదు.

వయసు మళ్లేదాకా బతికిన డాన్ కావాలంటే మనవాళ్లు బొంబాయి వెళ్లాలి. ‘నాయకుడు’కి మూలమైన బొంబాయి డాన్ వరదరాజన్ ముదలియార్ ఎవరి కత్తికీ బలి కాకుండానే 1988లో మద్రాసులో కన్నుమూశాడు. 2025 సెప్టెంబర్ 25న వచ్చిన సుజీత్ ‘ఓజీ’ కథ బొంబాయి రేవు చుట్టూ నడవడానికి కారణం అదేనని నా ఊహ. అందులో హీరో ఓజస్ గంభీర కొన్నేళ్లు అజ్ఞాతంలో ఉండి తిరిగి రావచ్చు, అక్కడ అది నమ్మబుద్ధేస్తుంది. అదే కథ బెజవాడ బెంజిసర్కిల్‌లో పెడితే మా వయసువాళ్లు వెంటనే తేదీలు గుర్తు తెచ్చుకుంటారు.

మా వృత్తికి అసలు దెబ్బ మాత్రం 2014లో తగిలింది, ‘లెజెండ్’తో. ‘గాయం’లో 1993లో ముఠా నాయకుడైన జగపతిబాబు గారు 52 ఏళ్ల వయసులో తలా గడ్డమూ నెరిసి విలన్‌గా నిలబడ్డారు. సాల్ట్ అండ్ పెప్పర్ అన్న మాట కృష్ణానగర్ టీ కొట్ల దాకా వచ్చింది అప్పుడే. అప్పటికే ఫిల్మ్ పోయి డిజిటల్ కెమెరా వచ్చేసింది. నెట్టు అంచు, గమ్ మెరుపు, జింకు పొడి అన్నీ మానిటర్‌లో పట్టుబడిపోతున్నాయి. అసలు నెరుపు ఉన్నవాడికే గిరాకీ పెరిగింది. రంగు వేసుకునే హీరోలు రంగు మానడం మొదలుపెట్టారు. 2022లో ఒకే రోజు, అక్టోబర్ 5న, చిరంజీవి గారి ‘గాడ్‌ఫాదర్’, నాగార్జున గారి ‘ది ఘోస్ట్’ వచ్చాయి. చిరంజీవి గారికి 67, నాగార్జున గారికి 63. ‘గాడ్‌ఫాదర్’లో ఆయన పక్కన హీరోయినే లేదు. పాత రోజుల్లో డిస్ట్రిబ్యూటరు ఈ మాట వింటే అడ్వాన్సు వెనక్కి అడిగేవాడు.

2023లో అనిల్ రావిపూడి గారి ‘భగవంత్ కేసరి’ ఇంకో అడుగు ముందుకేసింది. జైలుకి వెళ్లొచ్చిన 63 ఏళ్ల బాలకృష్ణ గారికి ఈసారి పోలీసు కొడుకు వేషం ఇవ్వలేదు. పెంచుకున్న కూతురు ఉంది, దెబ్బ కొట్టడం ఆమె కూడా నేర్చుకుంటుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. పాపారాయుడితో మొదలైన రెండు వేషాల లెక్క అక్కడ తెగిందని నేను అనుకుంటాను. అయితే 2023 సంక్రాంతికే ‘వీరసింహారెడ్డి’లో ఆయనే మళ్లీ తండ్రీ కొడుకులుగా కనిపించారు, కాబట్టి పూర్తిగా తెగిందనీ ప్రమాణం చేయలేను.

ఇప్పుడు పెట్టె తెరిచేది మేం కాదు, హెయిర్ స్టైలిస్టులు. గడ్డంలో ఏ పాయ తెల్లగా ఉండాలో ఫోన్‌లో ఫోటో చూసి తేలుస్తారు. బాగానే చేస్తున్నారు, కాదనను. ముసలితనం అందంగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. మా పట్టుదల ముసలితనం ముసలితనంగా ఉండాలని.

అందుకే నా ఓటు వీటన్నిటికీ కాకుండా 1998 నాటి ‘అంతఃపురం’కి. కృష్ణవంశీ గారి సినిమా. మనవణ్ని కూడా కక్షకి వారసుణ్ని చేయాలని చూసే తాత నరసింహగా ప్రకాష్‌రాజ్. ఆయనకప్పుడు 33 ఏళ్లు. జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన వచ్చింది. ఆ తాతలో స్టైల్ లేదు, వయసుతో వచ్చిన జ్ఞానమూ లేదు, వయసుతో ముదిరిన మొండితనమే ఉంది. ‘ఓజీ’లో సత్యదాదాగా ఆయన్ని చూసినప్పుడు 60 ఏళ్లు, అప్పుడు ఎవరూ ముసలితనం అరువివ్వక్కర్లేకపోయింది. మేకప్ నేర్చుకుంటామని కుర్రాళ్లు వస్తే ముందు ‘అంతఃపురం’ చూసి రమ్మంటాను. విగ్గు సంగతి తర్వాత, ముందు ఆయన కూర్చున్న చోటు నుంచి లేవడం చూడమంటాను.