డిపాజిట్ కట్టే ముందు

2026 ఏప్రిల్ 30. రాత్రి పదిన్నర. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మీ ఇంటి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. ఎదురుగా మీ అమ్మాయి. సైకాలజీ చదువుతానని ఎన్నాళ్లుగానో చెబుతోంది. మీరు "చూద్దాంలే" అంటూ వచ్చారు. ఇక చూడ్డానికి వేళ లేదు. రేపు మే 1. అమెరికాలో చాలా కాలేజీలకు సీటు ఖాయం చేసుకునే గడువు.

"నాన్నా, ఇందులో కట్టేద్దామా?" అంటుంది. వేరే రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీ అది.

ఆఫర్ లెటర్ చూస్తారు. ఏడాది ఖర్చు 52,000 డాలర్లు. స్కాలర్‌షిప్ 28,000. అమ్మాయి పేరున ఫెడరల్ లోన్ 5,500. దాని కింద పేరెంట్ ప్లస్ 18,500. చివరి గీత కింద, మీరు కట్టాల్సింది సున్నా.

ఆ సున్నా చూసి ప్రాణం లేచొస్తుంది. ఆగండి. మళ్లీ పై నుంచి చదవండి. పేరెంట్ ప్లస్ కూడా అప్పే. అమ్మాయి పేరున కాదు, మీ పేరున. తిరిగి కట్టక్కర్లేని స్కాలర్‌షిప్పునీ, కట్టితీరాల్సిన అప్పునీ ఒకే గాటన కట్టి 'ఎయిడ్' అని పేరు పెట్టారు. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఈ లైన్లయినా కనిపిస్తున్నాయి. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ అప్పు ఒక్క డాలరూ పుట్టదు.

చదివాక ఎంత వస్తుంది? అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ తెరుస్తారు. కాలేజీ పేరు, పక్కన సైకాలజీ కొడతారు. జీతం నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఇంటికి నలభై నిమిషాల దూరంలోని స్టేట్ యూనివర్సిటీ పేరు కొడతారు. అక్కడా అంతే.

ఇవి మీడియన్ అంకెలు. అంటే సగం మందికి ఇంతకంటే తక్కువ. పైగా ఫెడరల్ సాయం తీసుకుని, ఉద్యోగంలో ఉన్నవాళ్లనే ఇందులో లెక్కిస్తారు. ఇంకా చదువుతున్నవాళ్లు ఇందులో లేరు. మీ అమ్మాయి అనుకుంటున్న దారి అదే కదా.

"డిగ్రీ అవగానే కొన్నాళ్లు ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేస్తా నాన్నా," అంటుంది. కళ్లు మెరుస్తున్నాయి. బిహేవియర్ టెక్నీషియన్ ఉద్యోగ ప్రకటన తనే తీసి చూపిస్తుంది. అర్హతలు ఇద్దరూ కలిసి చదువుతారు. పద్దెనిమిదేళ్లు నిండాలి. హైస్కూల్ పాసవ్వాలి. నలభై గంటల శిక్షణ. అంతే. డిగ్రీ ఊసే లేదు.

అమ్మాయి ముఖం చిన్నబోతుంది. ఇప్పుడు "నేను ముందే చెప్పానా!" అనకండి. ఆ మాట అంటే ఈ రాత్రి లెక్క అక్కడితో ఆగిపోతుంది.

ఆ పనికి డిగ్రీ అక్కర్లేకపోయినా, ఆ తర్వాత తనకు కావాల్సిన కౌన్సెలింగ్ పనికి డిగ్రీ ఒక్కటే చాలదు. టెక్సాస్‌లో కౌన్సెలర్ లైసెన్సు రావాలంటే మాస్టర్స్ కావాలి. ఆ పైన 3,000 గంటలు మరొకరి పర్యవేక్షణలో పనిచేయాలి. సైకాలజిస్టు కావాలంటే సాధారణంగా డాక్టరేటు ఉండాలి. 2024 మేలో సైకాలజిస్టుల మీడియన్ జీతం 94,310 డాలర్లు. మంచి జీతమే. కానీ అది నాలుగేళ్ల చదువుతో చేతికొచ్చేది కాదు.

అంటే అసలు ఖర్చు ముందుంది. మాస్టర్స్‌కు కొత్తగా చేరేవాళ్లకు ఈ జూలై 1 నుంచి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 దాటదు. మీ సాయం అప్పుడు కావాలి.

కాగితం తీసుకోండి.

నాలుగేళ్లలో అమ్మాయి తన పేరున 27,000 దాకా తీసుకోవచ్చు. ఇప్పటి 6.39 శాతం వడ్డీతో, పదిహేనేళ్ల గడువుతో నెలకు సుమారు 234 డాలర్లు. నలభై వేల జీతం మీద బరువే. మోయగలదు.

ఇక మీ పేరున. 18,500. తర్వాత 17,500. తర్వాత రెండేళ్లూ 16,500. మొత్తం 69,000. ఫీజులు పైసా పెరగవనుకుంటేనే.

జూలై నుంచి ఒక్కో బిడ్డకు పేరెంట్ ప్లస్ పరిమితి 65,000.

ఆఖరి ఏడు 4,000 తక్కువ. ఎవరిస్తారు?

అప్పు చేతికి రాకముందే 4.228 శాతం ఫీజు. కోసేస్తారు.

వడ్డీ 8.94 శాతం. వచ్చే ఏటి రేటు మే నెల ట్రెజరీ వేలం తర్వాత గానీ తేలదు.

కొత్త నిబంధనల ప్రకారం 65,000కు గడువు ఇరవై ఏళ్లు. నెలకు 582. మొత్తం 1,39,000 పైనే. చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ ఇందులో లేదు.

మీకిప్పుడు 49. డిగ్రీ అయ్యేసరికి 53.

ఇరవై కలపండి.

మీ ఉద్యోగం పోతే? ఆదాయాన్ని బట్టి కిస్తీ తగ్గించే పథకం ఈ కొత్త పేరెంట్ అప్పులకు లేదు. అమ్మాయి పేరుకు మార్చే దారి ఫెడరల్ ప్రభుత్వంలో లేదు.

బాణం గుర్తు 'పే డిపాజిట్' మీదే ఉంది. అప్పు పత్రాల మీద సంతకం వేసవిలో. కానీ ఒప్పుకోవడం ఇప్పుడే.

"నాన్నా?"

స్టేట్ యూనివర్సిటీ ట్యాబ్ తెరవండి. ఇంటి నుంచి వెళ్లొస్తే ఏడాదికి 15,000. అమ్మాయి అప్పు 5,500 పోగా మిగిలేది 9,500. నెలకు దాదాపు 800. ప్రైవేటు కాలేజీ అప్పును పదేళ్లలో వదిలించుకోవాలన్నా నెలకు సుమారు 820 కట్టాలి. ఇంచుమించు అదే డబ్బు. ఇక్కడ నాలుగేళ్లు. అక్కడ పదేళ్లు.

ఈ అంకెలు అమ్మాయికి దాచకుండా చూపించండి. హాస్టల్ జీవితం పోతుందని బాధపడితే పడనివ్వండి, అది నిజమైన నష్టమే. సైకాలజీ మాత్రం మాన్పించకండి. తనకు ఆ పని మీద మనసుంది, ఆ పని చేసేవాళ్లు మనకు కావాలి. స్టేట్ యూనివర్సిటీకి ఈ రాత్రే డిపాజిట్ కట్టండి. పేరెంట్ ప్లస్ మీద సంతకం పెట్టకండి.