పాత ల్యాప్‌టాపునకు క్రొత్త జ్ఞాపకము



తాళపత్రములకు ఆయుర్దాయము కలదు. పురుగు తొలుచును, అంచులు చిట్లును. కావుననే మన పూర్వులు ఒక ప్రతి జీర్ణింపకముందే మఱియొక ప్రతిని వ్రాయించుచుండిరి. నేడు పెక్కు గృహములలో ఆ పనిని ల్యాప్‌టాపు వహించుచున్నది. పెండ్లి ఛాయాచిత్రములు, భూమి పత్రముల నకళ్లు, దూరదేశముననున్న మనుమల యుత్తరములు అందే యుండును. కొన్నేండ్లకు అది మందగించినచో, ఇది పనికిరాదు, పారవేయుడని చెప్పువారు కలరు. కాని పెక్కుమార్లు మార్చవలసినది యంత్రమంతయు కాదు; అందలి హార్డ్ డిస్కు అను నొక్క భాగము మాత్రమే. ఆ భాగమును మార్చుట యేల సాధ్యమయ్యెనో దాని చరిత్రమే చెప్పగలదు.

తొలుత లెక్కలను రంధ్రములు పొడిచిన అట్టలమీదను, అయస్కాంతపు పట్టీలమీదను నిలువచేయుచుండిరి. పట్టీ చేంతాడు వంటిది. నడుమనున్న విషయము కావలెనన్న అంతదాక త్రిప్పక తప్పదు. ఈ చిక్కును తొలగించుటకై 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు రామాక్ అను యంత్రమును వెలువరించిరి. శాన్ హోసే నగరమున రేనాల్డ్ జాన్సన్ అనువాని నాయకత్వమున అది రూపొందెను. అందు 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఒకదానిపై నొకటి నిలిచి, నిమిషమునకు 1200 మార్లు తిరుగుచుండెడివి. ఏ పళ్లెముపై ఏ చోటనున్న విషయమునైనను ఒక లోహపు చేయి తిన్నగా పోయి చదివెడిది. టన్ను బరువుగల ఆ యంత్రమున పట్టినవి 50 లక్షల అక్షరములు. నేటి ఫోనుతో తీసిన ఒకటి రెండు ఛాయాచిత్రములకే అంత స్థలము నిండిపోవును!

1973లో ఆ సంస్థవారే పళ్లెములను, చదివెడి చేతిని ఒక్క పెట్టెలో మూసివేసిరి. ఆ చేయి పళ్లెమును తాకక, సన్నని గాలిపొరపై తేలుచుండును. దానికి ధూళికణమైనను బండరాయితో సమానమే. అందువలననే హార్డ్ డిస్కు మూతను ఇంటివద్ద తెఱవరాదు.

పిమ్మట పెట్టె పరిమాణము తగ్గుచు వచ్చెను. 1980లో సీగేట్ సంస్థ 5.25 అంగుళముల డిస్కును, 1983లో స్కాట్లండులోని రోడైమ్ సంస్థ 3.5 అంగుళముల దానిని, 1988లో ప్రెయిరీటెక్ సంస్థ 2.5 అంగుళముల దానిని తెచ్చిరి. ఈ కడపటి కొలతయే ల్యాప్‌టాపులకు స్థిరపడెను. 2003 మొదలుకొని సాటా అను తీగ కలయిక వ్యాప్తిలోనికి వచ్చెను. కొలతయు, కలయికయు అందఱికి నొక్కటియే యగుటచేత ఒకరి బండికి మఱియొకరి చక్రము సరిపడినట్లు, ఒక సంస్థ డిస్కు వేఱొక సంస్థ యంత్రమున ఇముడుచున్నది.

ఇంతలో వేఱొక మార్గము తెఱపినబడెను. జపానులోని తోషిబా సంస్థయందు ఫుజియో మసువోకా 1980 దశకమున ఫ్లాష్ అను జ్ఞాపకమును కల్పించెను. ఇందు తిరుగు పళ్లెము లేదు, కదలు చేయి లేదు; సూక్ష్మమైన గదులలో విద్యుత్తును బంధించి అక్షరమును నిలుపుదురు. దీనితో చేసినదే ఎస్.ఎస్.డి. సాధారణమైన ల్యాప్‌టాపు పళ్లెము నిమిషమునకు 5400 మార్లు, అనగా సెకనునకు 90 మార్లు తిరుగును. కావలసిన చోటు క్రిందికి వచ్చువఱకు చేయి వేచియుండక తప్పదు. ఎస్.ఎస్.డి.కి ఆ నిరీక్షణము లేదు. దానిని ఆ 2.5 అంగుళముల పెట్టెలోనే, ఆ సాటా కలయికతోనే అమర్చుటవలన పాత యంత్రములు మరల చుఱుకుగా పనిచేయుచున్నవి.

మార్చు విధానమును క్లుప్తముగా విన్నవింతును. మొదట కలయిక సాటాయో, అంతకు పూర్వపుదో చూడవలెను. మందమును కొలువవలెను: 7 మిల్లీమీటర్లది 9.5 మిల్లీమీటర్ల చోట ఇముడును గాని, 9.5 ది 7 చోట పట్టదు. పిదప క్రొత్తదానిని యు.ఎస్.బి. తీగతో తగిలించి, పాతదానిలోని సమస్తమును ప్రతి తీయవలెను. పాత డిస్కు టకటక చప్పుడు చేయుచున్నచో వెంటనే ఆపి, తెలిసినవారికి చూపుట మేలు. ప్రతి ముగిసిన తరువాత యంత్రమును ఆర్పి, చార్జరును, బ్యాటరీని తీసి, మరలు విప్పి, పాతదానిని మెల్లగా లాగి క్రొత్తదానిని అమర్చవలెను. పాతదానిని కొన్నినెలలు భద్రపఱచుడు. ఫైళ్లను తొలగించినంతమాత్రమున అక్షరములు పోవు. పూర్తిగా చెరిపింపక పాతసామానుల వానికి అమ్మినచో మీ పత్రములు పరుల చేతబడవచ్చును.

ఒక హెచ్చరిక. కొన్ని నూతన ల్యాప్‌టాపులలో జ్ఞాపకమును పలకకే అతికించుచున్నారు; అట్టివానిలో ఇది మార్చుటకు వీలుకాదు. కొనునపుడే ఈ విషయమును విచారింపవలెను. ఎస్.ఎస్.డి.యు చిరంజీవి కాదు. ఏండ్ల తరబడి విద్యుత్తు లేక పడియున్నచో అందలి అక్షరములు నశింపవచ్చును. కాబట్టి ముఖ్యమైన పత్రములకు రెండు ప్రతులుంచి, ఒకదానిని వేఱొక యింట దాచుడు. వస్తువు మాఱుచుండును, ప్రతి తీయువాడున్నంతకాలము అక్షరము నిలుచును.