బెజవాడ ఆశ్రయం: జరగని పరీక్ష

కృష్ణా డెల్టా కాందిశీకులను కడుపులో పెట్టుకుని చూసిందన్న మాట తరచూ వింటాం. దానికి ఆధారంగా చూపేది 1947-48. తలదాచుకోనివ్వడం, స్థిరపడనివ్వడం ఒకటేనన్న పొరపాటు ఆ మాటలో ఉంది.

అంతకుముందు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అరకాన్, మణిపూర్ దారుల్లో నడిచి వచ్చారు. వారిలో తెలుగు కూలీలు ఎందరో. 1937లోనే బర్మా విడిపోయినా రెండు చోట్లా బ్రిటిష్ పాలనే కనుక, ఎవరు ఏ దేశస్థులన్న ప్రశ్న అప్పుడు పెద్దగా లేవలేదు.

అసలు చిక్కు 1947 ఆగస్టు తర్వాత మొదలైంది. హైదరాబాద్ నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. నిజాం కొమ్ముకాసే సాయుధ రజాకార్ల దాడులు పెరిగేకొద్దీ మధిర, ఖమ్మం ప్రాంతాల కుటుంబాలు జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు కదిలాయి. రైలు అందినవాళ్లు బెజవాడలో (నేటి విజయవాడ) దిగారు. నిజాం వ్యతిరేక ఉద్యమ జ్ఞాపకాల్లో ఇదంతా సరిహద్దు శిబిరాల కథగా మిగిలింది. నాయకులు, దళాలు కనిపించినంతగా ఆడవాళ్లు, పిల్లలు, పాలేర్లు వాటిలో కనిపించరు.

రజాకార్ల భయమే ఏకైక కారణమనడం కూడా సరిపోదు. ఆ సరిహద్దే వింతైనది. కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉండేది. నిజాంకు చెందిన పరిటాల గ్రామాలు కృష్ణా జిల్లా మధ్యలో ఉండి, 1947 చివర్లో స్వతంత్రం ప్రకటించుకున్నాయి. అటూ ఇటూ ఒకే భాష, వియ్యాలు, ఒకే సంతలు. హద్దు దాటడమంటే చాలామందికి మేనత్త ఊరికి పోవడమే. అయితే ఇది ఇల్లూ వాకిలీ ఉన్న చుట్టాలు గలవారి మాట. భూమిలేని కూలీకి ఆ దన్ను లేదు.

పైగా రాకపోకలు ఒకవైపే సాగలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వ నిర్బంధం బిగిసి, మలబారు పోలీసులు డెల్టా గ్రామాల్లో దిగాక, ఇక్కడి కమ్యూనిస్టు కార్యకర్తలు కొందరు తెలంగాణ అడవుల బాట పట్టారు. ఆశ్రయమిచ్చిన గడ్డే తన మనుషులను తరిమింది.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం నిజాంపై జరిపిన పోలీసు చర్యతో ఆ హద్దుకు అర్థం పోయింది. రాజ్యాంగంలోని పౌరసత్వ నిబంధనలు 1949 నవంబరు 26న అమల్లోకి వచ్చాయి. హద్దు పోయి అందరూ ఒకే దేశ పౌరులయ్యారు కనుక, బెజవాడ చేరిన తెలంగాణవాసి స్థిరవాసం కోసం ఎవరికీ అర్జీ పెట్టుకోవలసిన పని పడలేదు. అంటే డెల్టా ఔదార్యం పరీక్షలో ఓడలేదు, గెలవనూ లేదు. పరాయివాళ్లను స్థిరపడనిస్తుందా అన్న పరీక్షే జరగలేదు.

ఆ పరీక్ష బర్మా తెలుగువాళ్లకు ఎదురైంది. 1962లో నె విన్ అధికారం చేజిక్కించుకుని 1964లో దుకాణాలను జాతీయం చేశాక వచ్చినవారిలో కొందరు విశాఖ రేవులో దిగారు. అక్కడి బర్మా క్యాంప్ పేరు ఆ రాకకు గుర్తు. సర్కారు ఉద్యోగాల్లో వయసు సడలింపు కావాలంటే బర్మా నుంచి 1963 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ, శ్రీలంక నుంచి 1964 నవంబరు 1న గానీ ఆ తర్వాత గానీ వచ్చి ఉండాల్సి ఉండేది. 1969లో వీరికోసం రెప్కో బ్యాంకు ఏర్పడింది. ఇదంతా మేలే, కాదనను. కానీ ఈ మేలుకు అర్హత పడిన కష్టం కాదు. భారత మూలం, వచ్చిన తేదీ.

నేటికీ తీరు అదే. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ ఏళ్ల తరబడి ఎదురుచూసిన కొందరికి దారి చూపింది నిజమే. అయితే మూడు దేశాలు, ఆరు మతాలు, 2014 డిసెంబరు 31 అనే గీతలు గీసి శ్రీలంక తమిళులను, రోహింగ్యాలను బయటే ఉంచింది. చలికాలంలో విజయవాడలో స్వెటర్లు అమ్మే టిబెటన్లలో చాలామంది బతుకు ఇప్పటికీ గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవలసిన రిజిస్ట్రేషన్ పత్రం మీదే నడుస్తోంది.

పోలిక కోసం చూస్తే, కెనడాలో 2001 నాటి వలస చట్టం 25వ సెక్షన్ కింద మానవతా కారణాలతో శాశ్వత నివాసం కోరవచ్చు. విదేశీ వీసా నిబంధనలు కంఠతా వచ్చిన డెల్టా ఇళ్లలో, మన దేశంలో అలా కోరే హక్కు ఎందుకు లేదన్న చర్చ నేను వినలేదు. చుట్టాలకు తలుపు తీసిన సంగతిని ఔదార్యమని చెప్పుకుంటున్నంత కాలం ఆ చర్చ మొదలుకాదు.