సింగపూర్ పేరు మోసిన జ్వరం

ఫ్లూ వైరస్‌లకు శాస్త్రవేత్తలు పెట్టే పేర్లు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ వెర్షన్ నంబర్లలా ఉంటాయి: రకం, దొరికిన ఊరు, వరుస సంఖ్య, సంవత్సరం. అలా ప్రయోగశాలల్లో బాగా పేరుపడ్డ వాటిలో ఒకటి ఎ/సింగపూర్/1/57. ప్రపంచమంతా 'ఏషియన్ ఫ్లూ' అని పిలిచిన 1957 నాటి జ్వరం అది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో హాంకాంగ్‌ని పట్టుకుంది. మే మొదటికి సింగపూర్ చేరింది. అంతకుముందు తిరుగుతున్న ఫ్లూకీ దీనికీ పోలిక లేదు. వైరస్ పైపొరలోని రెండు ముఖ్యమైన ప్రోటీన్లూ కొత్తవే, అందుకే పిల్లాపెద్దా తేడా లేకుండా మంచాన పడ్డారు. మే నెల నడిమికి సింగపూర్ నుంచి బయల్దేరిన ఓడ ఒకటి జ్వరపీడితులతో మద్రాసు రేవు చేరింది. భారతదేశంలో ఆ మహమ్మారి కథ అక్కడ మొదలైంది.

అప్పట్లో సింగపూర్ నుంచి మద్రాసుకు ఓడ ప్రయాణమంటే వారం మాట. ఫ్లూ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. కిక్కిరిసిన డెక్కు మీద ఒకరి నుంచి ఒకరికి రెండు మూడు దఫాలు పాకడానికి వారం చాలు. ఇక మద్రాసులో దిగినవాళ్ళు అక్కడే ఉండిపోరు కదా! రైలెక్కి ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. దాదాపు మూడు నెలల్లో జ్వరం దేశమంతా పాకింది. కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం వైరస్‌ని వేరుచేసి పరిశీలించింది. 1958 ఫిబ్రవరి నాటికి లెక్కకెక్కిన రోగులు 44 లక్షల పైచిలుకు, మరణాలు 1,098. లెక్కకెక్కనివాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు.

మరి టీకా? అమెరికాలో మారిస్ హిల్లెమన్ హాంకాంగ్ వార్త పత్రికలో చదివిన వెంటనే నమూనాలు తెప్పించి, కంపెనీల వెంటపడి, శరత్కాలానికల్లా కోట్ల మోతాదులు తయారు చేయించాడు. మెచ్చుకోవలసిన పనే. కానీ ముందు జబ్బుపడ్డ సింగపూర్, మద్రాసుల జనానికి ఆ టీకా అక్కరకు రాలేదు. అప్పటికే కెరటం వాళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

తరవాత సింగపూర్ పేరు టీకా సీసాల్లోకే ఎక్కింది. 1986లో ఇక్కడ దొరికిన హెచ్1ఎన్1 రకాన్ని చాలా ఏళ్ళపాటు టీకాలో వాడారు. 2016లో దొరికిన హెచ్3ఎన్2 రకం 2018 నాటి దక్షిణార్ధగోళపు టీకాలోనూ, 2018-19 నాటి ఉత్తరార్ధగోళపు టీకాలోనూ చేరింది. ఇక్కడ చలికాలమంటూ లేదు. ఫ్లూ ఏడాది పొడుగునా తిరుగుతూ, ఏడాది మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి పుంజుకుంటుంది. అందుకే క్లినిక్కులు రెండు గోళాల టీకాలూ తెప్పిస్తాయి.

2017 నవంబరులో సింగపూర్ ప్రభుత్వం పెద్దల టీకాల పట్టిక ప్రకటించింది. 65 దాటినవారికి ఏటా ఫ్లూ టీకా అందులో ఉంది. 2020 నవంబరు నుంచి పౌరులకూ, పర్మనెంట్ రెసిడెంట్లకూ రాయితీ ఇస్తున్నారు. మనవల్ని చూడ్డానికి విజిటర్ పాస్ మీద వచ్చే మన అమ్మానాన్నలకు ఆ రాయితీ వర్తించదు, పూర్తి ధర కట్టుకోవాలి. సూది వేయించుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. చెన్నైకి విమానంలో నాలుగు గంటలే. ఇక్కడ సోకిన జ్వరం, ఊరు చేరాక గాని బయటపడదు.