డయాలిసిస్ పద్ధతి మార్పు

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్న రోగిని ఒక రకం డయాలిసిస్ నుంచి మరో రకానికి మళ్లించడాన్ని పద్ధతి మార్పు అంటారు. రక్తాన్ని యంత్రం ద్వారా శుద్ధి చేసే హీమోడయాలిసిస్ (హీమో), పొట్టలోని పెరిటోనియం పొరనే వడపోతకు వాడుకునే పెరిటోనియల్ డయాలిసిస్ (పీడీ): మార్పు ముఖ్యంగా ఈ రెండింటి మధ్యే. మొదటిది ఎక్కువగా ఆసుపత్రిలో, వారానికి 3 సార్లు, విడతకు 4 గంటల చొప్పున జరుగుతుంది. మన దగ్గర 2 సార్లతో నెట్టుకొచ్చేవాళ్లూ తక్కువేం కాదు. రెండోది ఇంటి పని. 2 లీటర్ల ద్రవాన్ని పొట్టలోకి ఎక్కించి, 4 నుంచి 6 గంటలు ఉంచి, తీసేసి మళ్లీ కొత్త బ్యాగు పెట్టాలి. మామూలుగా రోజుకు 4 బ్యాగులు. రోజూ చేత్తో బ్యాగులు మార్చే ఈ పద్ధతికి 1976లో అమెరికాలో మాంక్రీఫ్, పోపోవిచ్ అనే ఇద్దరు రూపమిచ్చారు.

మందులూ పరికరాలూ మారడం ఇందులో చిన్న భాగమే. అంతవరకు టెక్నీషియన్ చూసుకున్న పని ఒక్కసారిగా భార్య చేతికో కొడుకు చేతికో వస్తుంది. లేదా ఇంట్లో తమ వీలును బట్టి నడిచిన వైద్యం ఆసుపత్రి షిఫ్టుకు కట్టుబడుతుంది. రోగికి అండ ఎక్కువగా కావలసింది ఈ చేతులు మారే రోజుల్లోనే.

కారణాలు

పీడీ నుంచి హీమోకు మారడానికి పెరిటోనియం పొరకు తరచూ సోకే పెరిటోనైటిస్ ఇన్ఫెక్షన్ ఒక పెద్ద కారణం. ఏళ్లు గడిచేకొద్దీ పొర తీరు మారి నీరు సరిగా లాగకపోవడం, హెర్నియా, బ్యాగులు మార్చే మనిషి ఇంట్లో లేకపోవడం కూడా కారణాలే. "నేను శుభ్రంగా చేసుకోకే ఇలా అయింది" అని రోగి కుమిలిపోవడం మామూలు. పొరే మారిపోయినచోట ఎవరి తప్పూ లేదని డాక్టరు నోరు తెరిచి చెప్పాలి. చాలాచోట్ల ఈ ఒక్క మాటకే తీరిక దొరకదు.

హీమో నుంచి పీడీకి వచ్చేవారిలో, సూదులు గుచ్చేందుకు చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులాలు వరసగా మూసుకుపోయినవారు, యంత్రం మీద ఉండగా బీపీ పడిపోయే గుండె జబ్బువారు, ఆసుపత్రికి దూరంగా ఉండేవారు, చిన్నపిల్లలు ఉంటారు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు జరిగి లోపల అతుకులు పడితే పీడీ కుదరకపోవచ్చు.

ముందస్తు ఏర్పాటు

ఫిస్టులా సూదులకు సిద్ధం కావడానికి కనీసం 6 నుంచి 8 వారాలు పడుతుంది. పీడీ కోసం పొట్టలో వేసే కాథెటర్ గొట్టం కుదురుకోవడానికి దాదాపు 2 వారాలు. ఈ వ్యవధి చేతిలో లేకుండా జరిగే మార్పే ప్రమాదకరం. పరిస్థితి విషమించాక మెడ దగ్గర లైను వేసి యంత్రం ఎక్కిస్తారు, ఆ లైను నుంచి ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పాకవచ్చు. పీడీ బలహీనపడుతున్న సూచనలు కనబడగానే ఫిస్టులా సంగతి ఎత్తడం అందుకే. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు, రక్తం తీయకూడదు. రోజూ పొద్దున్నే ఫిస్టులా మీద వేళ్లు ఆనించి అదురు ఉందో లేదో చూసుకోవాలి, అది ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పీడీకి మారే ఇంట్లో మొదటి సమస్య చోటు. నెలకు సుమారు 120 బ్యాగులంటే 240 లీటర్ల సరుకు. రెండు గదుల ఇంట్లో మంచం కింద, బీరువా పక్కన అట్టపెట్టెలే కనిపిస్తాయి. బ్యాగు మార్చేటప్పుడు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని ఆరనివ్వాలి. బయటికి వచ్చిన ద్రవాన్ని వెలుతురులో, అచ్చు కాగితం మీద పెట్టి చూస్తారు. అక్షరాలు చదవగలిగితే సరే. మసకగా ఉన్నా, పొట్ట నొప్పి, జ్వరం తోడైనా ఆ బ్యాగును పారబోయకుండా వెంట తీసుకెళ్లాలి. దాన్నే పరీక్షకు పంపుతారు. మలబద్ధకం వల్ల కూడా ద్రవం బయటికి రాదన్నది శిక్షణలో తేలిగ్గా దాటేసే విషయం.

తిండి

కుటుంబం తడబడేది ఇక్కడే. హీమోలో ఒక విడతకూ మరో విడతకూ మధ్య పొటాషియం పేరుకుంటుంది. అందుకే కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దంటారు, కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోయమంటారు. పీడీలో శుద్ధి రోజంతా సాగుతుంది, పొటాషియం తగ్గిపోతే పండ్లు తినమని డాక్టరే చెబుతారు. ద్రవంతోపాటు రోజూ మాంసకృత్తులు కూడా పోతాయి కనుక గుడ్లు, చేపలు పెంచాలి. ద్రవంలోని గ్లూకోజు మాత్రం ఒంట్లోకి ఎక్కి, షుగరున్నవారికి ఇన్సులిన్ పెంచాల్సి వస్తుంది.

మళ్లీ హీమోకు వచ్చినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. అలవాటైన అరటిపండు గుండె లయను చెడగొట్టవచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్ వేస్తే షుగరు పడిపోతుంది. పద్ధతి మారిన రోజే కొత్త ఆహార పట్టిక, సరిచూసిన మందుల చీటీ వంట చేసే మనిషి చేతికి అందాలి. వాటిని రోగికి మాత్రమే ఇచ్చి పంపడం మన ఆసుపత్రుల పాత అలవాటు.

ప్రభుత్వ విధానాలు

హాంకాంగ్ 1985 నుంచి కొత్త రోగులకు పీడీనే మొదట ఇస్తోంది. 2008లో అదే బాట పట్టిన థాయిలాండ్ 2022లో ఎంపికను రోగికే వదలడంతో హీమో రోగులు బాగా పెరిగారు. భారతదేశంలో 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం తొలుత హీమోకే పరిమితమైంది. పీడీకి మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. పీడీకి మారే అవకాశమే చాలామంది చెవిన పడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మార్పు కొన్నిసార్లు కేంద్రానికే పరిమితం. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోగులు ఒకప్పుడు చికిత్సకు విశాఖపట్నం దాకా వెళ్లేవారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలా పద్ధతి అదే ఉండి కేంద్రం మాత్రమే మారినా డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండే బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపరిన్ మోతాదు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలు రాతపూర్వకంగా వెంట ఉండాలి. హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే యంత్రం కేటాయిస్తారు కనుక ఆ రిపోర్టు లేనిదే కొత్త కేంద్రంలో పడక దొరకదు. ప్రభుత్వ పథకం కింద చికిత్స పొందుతున్నవారు మారకముందే ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి అనుమతి సంగతి తేల్చుకుంటే ఒక విడత తప్పిపోయే ముప్పు ఉండదు.