సెంట్‌ఓఎస్: పదేళ్ళ భరోసా కథ

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో డెరిడర్ ఒక చిన్న పట్టణం. అక్కడి బోరెగార్డ్ పారిష్ ప్రజా గ్రంథాలయంలో కొన్ని సర్వర్లు, యాభైకి పైగా కంప్యూటర్లు రెడ్ హ్యాట్ లినక్స్ మీద నడిచేవి. 2003లో రెడ్ హ్యాట్ కంపెనీ తన ఉచిత లినక్స్‌ను తొమ్మిదో వెర్షన్‌తో ఆపేసింది. 2004 ఏప్రిల్ 30 దాటితే దానికి భద్రతా ప్యాచ్‌లు రావని ప్రకటించింది. ఆ తర్వాత కావాలంటే ఏటా చందా కట్టి ‘ఎంటర్‌ప్రైజ్ లినక్స్’ తీసుకోవాల్సిందే.

గ్రంథాలయం మరో దారి వెతికింది. చందా కట్టినవారికి రెడ్ హ్యాట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం, కోడ్‌ను మార్చుకుని పంచుకోనిచ్చే జీపీఎల్ వంటి లైసెన్సుల కిందిది. ఆ సోర్స్ కోడ్‌ను కంపెనీ అప్పట్లో అందరికీ అందుబాటులో ఉంచేది. గ్రంథాలయం కోసం జాన్ మోరిస్ అనే ఆయన ఆ కోడ్ తెచ్చి, రెడ్ హ్యాట్ పేరు, ముద్రలు తీసేసి, మళ్ళీ కంపైల్ చేశాడు. అలా వచ్చిందే వైట్ బాక్స్ లినక్స్. అదే పని ఫెర్మీల్యాబ్, సెర్న్ భౌతికశాస్త్రవేత్తలు ‘సైంటిఫిక్ లినక్స్’ పేరుతో చేశారు. గ్రెగరీ కర్ట్‌జర్ మొదలుపెట్టిన కేఆస్ అనే లినక్స్ ప్రాజెక్టు నీడలో, అలాగే తిరిగి కంపైల్ చేయగా 2004లో పుట్టిందే సెంట్‌ఓఎస్.

సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకునేటప్పుడు దానిలో ఏ కొత్త హంగులున్నాయన్నది చిన్న విషయం. ఎన్నాళ్ళు ప్యాచ్‌లు వస్తాయి, ఎవరు పంపుతారన్నదే పెద్ద ప్రశ్న. బ్యాంకు డేటాబేసునో ఆస్పత్రి రికార్డులనో మోసే యంత్రాన్ని ఆరు నెలలకోసారి విప్పి కొత్తది ఎక్కించడం కుదరదు. రెడ్ హ్యాట్ ఒక్కో వెర్షన్‌కు ఇచ్చే దీర్ఘకాల మద్దతు (5వ వెర్షన్ నుంచి పదేళ్ళు) సెంట్‌ఓఎస్‌కూ పైసా ఖర్చు లేకుండా దక్కింది. రెడ్ హ్యాట్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ దీని మీదా నడిచేది. 2010లో లినక్స్ వెబ్ సర్వర్లలో దాదాపు 30 శాతం దీనివే. మన అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సులు చేసిన ఎందరికో చేయి తిరిగింది కూడా దీని మీదే.

ఇంత బరువు మోసినవాళ్ళు గుప్పెడు మంది స్వచ్ఛంద కార్యకర్తలు. 2009 జూలైలో, డొమైన్ పేరు తన చేతిలో ఉంచుకున్న వ్యవస్థాపకుడు ఒకరు ఎవరికీ అందకుండా పోతే, మిగతావాళ్ళు ఆయనకు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది. జాప్యమూ తప్పలేదు: రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 వచ్చింది 2010 నవంబరులో. సెంట్‌ఓఎస్ 6 వచ్చేసరికి 2011 జూలై. అందుకే 2014లో రెడ్ హ్యాటే ప్రాజెక్టును తన పంచన చేర్చుకుని ముఖ్య కార్యకర్తలకు ఉద్యోగాలిచ్చినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

2019 జూలైలో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొనేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సెంట్‌ఓఎస్ 8 వచ్చింది, 2029 దాకా ఢోకా లేదనుకున్నారు. 2020 డిసెంబరు 8న మరో ప్రకటన: సెంట్‌ఓఎస్ 8 ఆయుష్షు 2021 ఆఖరుతో సరి. దాని స్థానంలో సెంట్‌ఓఎస్ స్ట్రీమ్. పాత సెంట్‌ఓఎస్ రెడ్ హ్యాట్ వెనక నడిచేది. స్ట్రీమ్ ముందు నడుస్తుంది: రాబోయే వెర్షన్‌లో చేరే మార్పులు ముందుగా దానిలోకే వస్తాయి.

రెడ్ హ్యాట్ ఇంజనీర్ల జీతాలు చందాల నుంచే వస్తాయి, తన వ్యాపారాన్ని కాపాడుకునే హక్కు కంపెనీకి ఉంది. కానీ ఇచ్చిన గడువును నడిమధ్యలో కోయడం అన్యాయమే. సెంట్‌ఓఎస్ 7 గడువు మాత్రం 2024 జూన్ దాకా కదల్లేదు. దాంతో శ్రద్ధగా 8కి మారినవారే ముందుగా నష్టపోయారు.

ఖాళీ ఎక్కువ కాలం మిగల్లేదు. క్లౌడ్‌లినక్స్ కంపెనీ అండతో 2021 మార్చిలో ఆల్మాలినక్స్ వచ్చింది. జూన్‌లో కర్ట్‌జర్ రాకీ లినక్స్ తెచ్చాడు. కన్నుమూసిన సెంట్‌ఓఎస్ తొలినాళ్ళ సహచరుడు రాకీ మెక్‌గా పేరే దానికి పెట్టాడు. ప్యాకేజీలు దాదాపు ఒకటే కావడంతో, సర్వర్‌ను చెరిపేయకుండా స్క్రిప్ట్ నడిపి మారే వీలు దొరికింది. 2022 డిసెంబరులో సెర్న్, ఫెర్మీల్యాబ్ రెండూ ఆల్మాను ఎంచుకున్నాయి.

2023 జూన్‌లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్‌ను అందరికీ ఇవ్వడం ఆపేసి, బయటివారికి స్ట్రీమ్ కోడ్ చాలంది. ఆల్మా అచ్చు నకలు లక్ష్యం వదిలి, సాఫ్ట్‌వేర్ అనుకూలత చాలనుకుంది. రాకీ నకలు బాటలోనే సాగుతోంది.

2024 జూన్ 30 తర్వాత సెంట్‌ఓఎస్ 7కు ఆ ప్రాజెక్టు నుంచి ప్యాచ్‌లు రావడం లేదు. మీ కార్యాలయంలోనో కళాశాలలోనో అది నడిచే యంత్రం ఇంకా ఇంటర్నెట్‌కు తగిలించి ఉంటే, బ్యాకప్ తీసి ఈ నెలలోనే మార్చండి. కొత్తదాన్ని ఎంచుకునే ముందు దాని గడువు తేదీతోపాటు, ఆ గడువును మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి.